నెట్‌వర్క్ ఆడియో ప్లేయర్

నెట్‌వర్క్ ఆడియో ప్లేయర్ అనగా ఇంటిలోని మరొక కంప్యూటరులోనో, ఇంటర్నెట్టులోనో నిల్వ ఉన్న సంగీతాన్ని నెట్‌వర్కు ద్వారా గ్రహించి ఆంప్లిఫయరుకు గాని స్పీకరుకు గాని అందించటానికి మాత్రమే తయారైన పరికరం. దీనికి కీబోర్డు, మౌసు ఉండవు. పాటల ఫైళ్ళు దీనిలోనే ఉండవలసిన అవసరం లేదు. ఇదే పనిని ఏ సాధారణ కంప్యూటరైనా చేయగలదు కనుక, ప్రత్యేకంగా ఒక పరికరం దేనికన్న ప్రశ్న ఇవి పుట్టిన నాటి నుండి ఉన్నది. ధ్వని నాణ్యత విషయంలో ఈ రెంటికీ మధ్య ఉన్నాయని చెప్పే తేడాలలో కొన్ని నిజమైనవి, కొన్ని ఒకప్పుడు నిజమై తరువాత తీరిపోయినవి, మరికొన్ని కేవలం అపోహలు. అంతగా చర్చకు రాని తేడా ఇంకొకటి ఉన్నది. కొన్న పరికరం ఎంతకాలం పని చేయాలో నిర్ణయించే అధికారం కొన్నవారికి ఉన్నదా, తయారీదారుకు ఉన్నదా అన్నదే ఆ తేడా.

పరిధి

ఈ పరికరాలను స్ట్రీమర్లు, డిజిటల్ మీడియా అడాప్టర్లు అని కూడా పిలుస్తారు. కొన్ని సంకేతాన్ని మాత్రమే అందిస్తాయి, వాటికి ఆంప్లిఫయరు, స్పీకర్లు విడిగా ఉండాలి. కొన్నిటిలో ఆంప్లిఫయరు కలిసి ఉంటుంది. మరికొన్నిటిలో స్పీకరుతో సహా అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. పాటలను తమలోనే దాచుకునే ఐపాడ్ వంటి జేబు ప్లేయర్లు ఈ వ్యాసం పరిధిలోకి రావు.

నిజానికి ప్రత్యేక ప్లేయరు కూడా ఒక కంప్యూటరే. దానిలో ప్రాసెసరు, మెమరీ, నెట్‌వర్కు భాగం, చాలా వాటిలో లినక్స్ ఆపరేటింగు వ్యవస్థ ఉంటాయి. సాధారణ కంప్యూటరులో ఏ ప్రోగ్రాము నడపాలో యజమాని నిర్ణయిస్తాడు. ప్రత్యేక ప్లేయరులో ఆ నిర్ణయం తయారీ సమయంలోనే జరిగిపోతుంది. ఈ వ్యాసంలో "ప్రత్యేక ప్లేయరు", "సాధారణ కంప్యూటరు" అన్న మాటలను ఈ అర్థంలోనే వాడుతున్నాము.

పని చేసే విధానం

ఈ వ్యవస్థలో మూడు పాత్రలు ఉన్నాయి. సంగీతాన్ని దాచి పంపేది సర్వరు. దానిని అందుకొని వినిపించేది ప్లేయరు. ఏ పాట కావాలో చెప్పేది నియంత్రకం, అది రిమోటు కావచ్చు, ఫోను కావచ్చు, ప్లేయరు మీది మీటలే కావచ్చు. కంప్యూటరుకే స్పీకర్లు తగిలించి వింటున్నప్పుడు ఈ మూడు పాత్రలనూ ఒకే యంత్రం పోషిస్తుంది.

సీడీలో సెకనుకు 44,100 నమూనాలు ఉంటాయి. ఒక్కొక్క నమూనా 16 బిట్లు, ఛానళ్ళు రెండు. అంటే సెకనుకు 14,11,200 బిట్లు, గంట సంగీతానికి దాదాపు 635 మెగాబైట్లు. 2001లో వెలువడిన ఫ్లాక్ పద్ధతి ఒక్క బిట్టు కూడా పోకుండా దీనిని సుమారు సగానికి కాస్త అటూ ఇటూగా కుదిస్తుంది. ఎంపీ3 పద్ధతి చెవికి అంతగా తెలియని అంశాలను వదిలివేసి ఇంకా చిన్నది చేస్తుంది. తొలినాటి వైర్‌లెస్ నెట్‌వర్కుల ప్రకటిత వేగం సెకనుకు 11 మెగాబిట్లు. ఆచరణలో దానిలో సగం అందటం కూడా కష్టమే. అయినా సీడీ సంగీతానికి అది చాలుతుంది. కనుక చిక్కు వేగంతో కాదు, క్రమంతో వస్తుంది. నెట్‌వర్కులో సమాచారం పొట్లాలుగా, ఒకసారి కుప్పగా, ఒకసారి ఆలస్యంగా చేరుతుంది. సంగీతం మాత్రం సెకనుకు 44,100 సార్లు తప్పకుండా ఒకే లయలో బయటకు రావాలి.

దీనికి పరిష్కారం బఫరు అనబడే తాత్కాలిక నిల్వ. చెరువులోకి నీరు వాన పడినప్పుడు ఒక్కసారిగా వస్తుంది, తూము నుండి పొలానికి మాత్రం నిలకడగా పారుతుంది. అదే విధంగా నెట్‌వర్కు నుండి వచ్చిన సమాచారం ముందు బఫరులో చేరుతుంది. అక్కడి నుండి ప్లేయరులోని గడియారం ఇచ్చే తాళానికి ఒక్కొక్క నమూనా డాక్ అనే భాగానికి వెళ్తుంది. అంకెలను విద్యుత్ సంకేతంగా మార్చే భాగమే డాక్. సెకనుకు 900 కిలోబిట్ల ఫ్లాక్ ఫైలు వినేటప్పుడు 3 మెగాబైట్ల బఫరులో దాదాపు 27 సెకన్ల సంగీతం నిలువ ఉంటుంది. అంతలోపు నెట్‌వర్కు తడబడినా వినేవారికి తెలియదు.

ఈ అమరిక వలన ముఖ్యమైన ఫలితం ఒకటి ఉన్నది. బఫరుకు ముందు జరిగే ఆలస్యాలకూ, బఫరు తరువాత నమూనాలు బయటకు వచ్చే లయకూ సంబంధం తెగిపోతుంది. నెట్‌వర్కు తీగను ఖరీదైన దానితో మార్చినంత మాత్రాన సంగీతపు లయ మెరుగుపడుతుందన్న ప్రచారానికి ఆధారం లేకపోవటానికి కారణం ఇదే.

చరిత్ర

2000 ప్రాంతంలో ఎంపీ3 ఫైళ్ళు కంప్యూటర్లలో పోగుపడసాగాయి. కంప్యూటరు ఒక గదిలో, మంచి స్పీకర్లు మరొక గదిలో ఉండటం చాలా ఇళ్ళలో ఎదురైన ఇబ్బంది. ఆనాటి కంప్యూటరు పెద్దది, ఫ్యాను మోత గలది, హాలులో పెట్టుకోదగినది కాదు. ఈ దూరాన్ని పూడ్చటానికే మొదటి ప్లేయర్లు వచ్చాయి. వాటిలో రియో రిసీవరు ఒకటి. ఇది తన ప్రధాన సాఫ్టువేరును కూడా స్విచ్చి వేసిన ప్రతిసారీ కంప్యూటరు నుండి నెట్‌వర్కు ద్వారానే తెచ్చుకునేది.

2001లో అమెరికాలోని కాలిఫోర్నియాలో షాన్ ఆడమ్స్ స్థాపించిన స్లిమ్ డివైసెస్ సంస్థ స్లింప్3 అనే ప్లేయరును విడుదల చేసింది. దీని రూపకల్పన చాలా పొదుపైనది. లోపల ఒక చిన్న మైక్రోకంట్రోలరు, ఎంపీ3ని విప్పే ఒక చిప్పు, ఈథర్‌నెట్ భాగం, వరుసకు 40 అక్షరాలు చూపే రెండు వరుసల తెర, ఇంతే. పాటల జాబితా తయారు చేయటం, వెదకటం, తెర మీద ఏమి కనిపించాలో నిర్ణయించటం మొదలైన ఆలోచన అంతా సర్వరు ప్రోగ్రామే చేసేది. ఆ సర్వరు పెర్ల్ భాషలో వ్రాయబడి, స్వేచ్ఛా లైసెన్సు కింద మూలసంకేతంతో సహా అందరికీ లభించింది. ఈ నిర్ణయం ప్రాధాన్యం పది సంవత్సరాల తరువాత గాని తెలిసిరాలేదు.

2003లో ఇదే సంస్థ వైర్‌లెస్ సౌకర్యంతో స్క్వీజ్‌బాక్స్‌ను తెచ్చింది. 2005 నాటి స్క్వీజ్‌బాక్స్2 ఫ్లాక్ ఫైళ్ళను తానే విప్పగలిగింది. 2006లో 1,999 డాలర్ల ధరకు ట్రాన్స్‌పోర్టర్ అనే ఉన్నత శ్రేణి ప్లేయరు వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో లాజిటెక్ సంస్థ స్లిమ్ డివైసెస్‌ను కొనివేసింది.

సోనోస్ సంస్థ 2005లో మార్కెట్టులోకి వచ్చింది. దాని పరికరాలు ఒకదానితో ఒకటి తమ సొంత వైర్‌లెస్ వలయంగా ఏర్పడేవి. నడుస్తూ ఉండే కంప్యూటరు అవసరం లేకపోవటం దాని ప్రత్యేకత. యాపిల్ 2004లో ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్‌తో ఎయిర్‌ట్యూన్స్ అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. అదే 2010లో ఎయిర్‌ప్లే అయింది. స్కాట్లండులోని గ్లాస్గోకు చెందిన లిన్ సంస్థ 2007లో క్లైమాక్స్ డీఎస్ అనే ఖరీదైన ప్లేయరును తెచ్చి, 2009 చివరికి సీడీ ప్లేయర్ల తయారీనే మానివేసింది. గ్రామఫోను టర్న్‌టేబుళ్ళతో పేరు తెచ్చుకున్న సంస్థ ఈ నిర్ణయం తీసుకోవటంతో ఖరీదైన ఆడియో రంగం ఈ పరికరాలను కంప్యూటరు ఉపకరణాలుగా చూడటం మానుకున్నది. గూగుల్ 2015లో 35 డాలర్లకు క్రోమ్‌కాస్ట్ ఆడియోను విడుదల చేసి 2019 జనవరిలో దాని తయారీని ఆపివేసింది.

ధ్వని మార్గం

సాధారణ కంప్యూటరు ఒకే సమయంలో అనేక పనులు చేస్తుంది. పాట వినిపిస్తూ ఉండగా ఈ-మెయిలు వచ్చిందని గంట కొట్టాలి, బ్రౌజరులోని వీడియో మాట్లాడాలి. వీటన్నిటినీ కలపటానికి ఆపరేటింగు వ్యవస్థలో మిక్సరు ఉంటుంది. కలపాలంటే అన్నీ ఒకే నమూనా రేటులో ఉండాలి కనుక మిక్సరు కొన్నిటి రేటును మార్చివేస్తుంది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఇది నిజమైన ఇబ్బంది. ఆ రోజులలో కంప్యూటర్లలో సర్వసాధారణమైన ఏసీ97 రకం సౌండు చిప్పులు అనేకం 48,000 నమూనాల రేటుకే కట్టుబడినవి. అందువలన సీడీ నుండి తీసిన ప్రతి పాటా 44,100 నుండి 48,000కు మారి గాని బయటకు వచ్చేది కాదు. ఈ మార్పిడి నాసిరకంగా జరిగితే ధ్వని దెబ్బతింటుంది.

ప్రత్యేక ప్లేయరుకు ఈ బెడద లేదు. దానికి ఒకే పని, ఒకే ధ్వని. ఫైలు ఏ రేటులో ఉంటే గడియారం ఆ రేటుకు మారుతుంది. అయితే ఈ తేడా శాశ్వతమైనది కాదు. 2007లో విస్టాతో విండోస్ ధ్వని వ్యవస్థను తిరిగి నిర్మించారు. వాసాపీ ఎక్స్‌క్లూజివ్ అనే పద్ధతిలో ఒకే ప్రోగ్రాము సౌండు భాగాన్ని తన అధీనంలోకి తీసుకొని మిక్సరును తప్పించుకోవచ్చు. లినక్స్‌లో ఆల్సా ద్వారా నేరుగా హార్డువేరుకు పంపినా ఇదే ఫలితం వస్తుంది. ఈ అమరిక చేసుకున్న కంప్యూటరు నుండి ఫైలులోని బిట్లు ఉన్నవి ఉన్నట్లే బయటకు వస్తాయి. అమరిక చేసుకోవాలని తెలియనివారికి మాత్రం తేడా మిగిలే ఉంటుంది. ఆ తెలియకపోవటమే ప్రత్యేక ప్లేయర్ల అమ్మకాలకు చాలావరకు ఆధారమని చెప్పవచ్చు.

గడియారం

నమూనాల విలువలు సరిగా ఉంటే చాలదు, అవి బయటకు వచ్చే క్షణాలు కూడా సరిగా ఉండాలి. ఆ క్షణాలలో కలిగే చిన్న చిన్న తేడాలను జిటర్ అంటారు. 20,000 హెర్ట్జ్ పూర్తిస్థాయి ధ్వనిలో, 16 బిట్ల నమూనాలోని అతి చిన్న మెట్టులో సగం మించి దోషం రాకూడదనుకుంటే క్షణంలోని తప్పు సుమారు 120 పికోసెకన్లకు లోబడి ఉండాలి. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్ల వంతు. సంగీతంలో అంత ఎక్కువ పౌనఃపున్యం అంత గట్టిగా ఎన్నడూ ఉండదు కనుక ఆచరణలో ఇంతకంటే ఎక్కువ సడలింపు ఉంటుంది. అయినా గడియారం విషయంలో జాగ్రత్త ఎందుకో ఈ అంకె తెలుపుతుంది.

కంప్యూటరు లోపలి సౌండు భాగం స్విచ్చింగు విద్యుత్ సరఫరాలు, వేగవంతమైన బస్సుల నడుమ ఉంటుంది. ఆ విద్యుత్ అలజడి డాక్‌లోకి చొరబడవచ్చు. మౌసును కదిలించినప్పుడు స్పీకరులో సన్నని కీచుధ్వని రావటం చాలామంది వినే ఉంటారు. దీనికి మందుగా డాక్‌ను బయట పెట్టి యూఎస్‌బీ తీగతో కలపటం మొదలైంది. ఇటువంటి డాక్‌లలో మొదటి తరంవి కంప్యూటరు పంపే వేగాన్ని బట్టి తమ గడియారాన్ని సర్దుకునేవి. అంటే కంప్యూటరు తడబాటు కొంత వాటికీ సంక్రమించేది. తరువాత వచ్చిన అసింక్రనస్ పద్ధతిలో పెత్తనం తారుమారైంది. డాక్‌లోని గడియారమే యజమాని, అది తనకు కావలసినంత సమాచారాన్ని కావలసినప్పుడు కంప్యూటరును అడిగి తెచ్చుకుంటుంది. నెట్‌వర్క్ ప్లేయరులో తూము దగ్గర కాపలా ఉన్నట్లే ఇక్కడా ఉంటుంది. ఈ పద్ధతి ప్రచారంలోకి వచ్చాక లయ విషయంలో మంచి ప్రత్యేక ప్లేయరుకూ, మంచి బాహ్య డాక్ తగిలించిన కంప్యూటరుకూ మధ్య చెప్పుకోదగిన అంతరం లేదు.

తీగల వలన మిగిలిన తేడా ఒకటి ఉన్నది. ఈథర్‌నెట్ సాకెట్టులో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, అందువలన రెండు వైపుల పరికరాల మధ్య నేరుగా విద్యుత్ సంబంధం ఉండదు. యూఎస్‌బీ తీగలో భూమి తీగ రెండు పరికరాలనూ కలుపుతుంది. కంప్యూటరు, ఆంప్లిఫయరు వేర్వేరు ప్లగ్గులలో ఉండి ఎర్తింగు సరిగా లేని ఇంటిలో ఈ మార్గం గుండా హమ్ అనే గుమగుమ ధ్వని రావచ్చు. నెట్‌వర్క్ ప్లేయరుకు ఈ ప్రమాదం తక్కువ.

పలు గదుల సంగీతం

రెండు గదులలో ఒకే పాట ఒకేసారి వినిపించటం చూడటానికి సులువైన పని. రెండు ప్లేయర్లలోనూ గడియారాలు క్వార్ట్జ్ స్ఫటికాలతో నడుస్తాయి, ఏ రెండు స్ఫటికాలూ సరిగ్గా ఒకే వేగంతో నడవవు. పది లక్షలకు 50 వంతుల తేడా ఉన్నదనుకుంటే గంట తిరిగేసరికి ఒక గది మరొక గది కంటే 0.18 సెకన్లు ముందుంటుంది. రెండు గదుల మధ్య నిలబడినవారికి కొన్ని పదుల మిల్లీసెకన్ల తేడాయే ప్రతిధ్వనిగా వినిపిస్తుంది. కనుక ఎవరో ఒకరు నిరంతరం సరిదిద్దుతూ ఉండాలి. స్క్వీజ్‌బాక్స్ వ్యవస్థలో ప్రతి ప్లేయరూ తాను ఎక్కడ వరకు వచ్చినదీ సర్వరుకు తెలుపుతూ ఉంటుంది. ముందుకు పోయిన దానిని క్షణకాలం నిలపటం, వెనుకబడిన దాని చేత కొన్ని నమూనాలను దాటవేయించటం సర్వరు పని. అన్నీ ఒకే తయారీదారువి కావటం వలన ప్రత్యేక ప్లేయర్లు ఇక్కడ బాగా రాణించాయి. వేర్వేరు కంప్యూటర్లలో వేర్వేరు సౌండు భాగాలు ఎంత ఆలస్యం చేస్తాయో ముందుగా తెలియదు, కనుక వాటిని కలిపి నడపటం కష్టం.

విద్యుత్తు, మోత

ప్రత్యేక ప్లేయర్లు సాధారణంగా కొద్ది వాట్లతోనే నడుస్తాయి, ఫ్యాను ఉండదు. మేజా కంప్యూటరు అనేక పదుల వాట్లు తీసుకుంటుంది. కాని పాటలు ఇంటిలోని కంప్యూటరులోనే ఉంటే, ప్లేయరు పని చేయాలంటే ఆ కంప్యూటరు కూడా నడుస్తూ ఉండాలి. అటువంటప్పుడు ఆదా అయ్యే విద్యుత్తు ఏమీ ఉండదన్న సంగతిని ప్రకటనలు చెప్పవు.

పాటల వివరాలు, తెలుగు లిపి

ఎంపీ3 ఫైలులో పాట పేరు, గాయకుల పేరు దాచే పద్ధతిని ఐడీ3 అంటారు. దాని తొలి రూపంలో ఒక్కొక్క పేరుకు 30 బైట్లు మాత్రమే స్థలం ఉన్నది, ఏ లిపి సంకేతనమో చెప్పే వీలు లేదు. యూనికోడును యూటీఎఫ్-8గా వ్రాసినప్పుడు తెలుగులో ఒక్కొక్క సంకేతానికి 3 బైట్లు పడతాయి, గుణింతపు గుర్తులూ, పొల్లూ విడి సంకేతాలుగానే లెక్కకు వస్తాయి. "ఘంటసాల వెంకటేశ్వరరావు" అని వ్రాయటానికి మధ్యలోని ఖాళీతో కలిపి 61 బైట్లు కావాలి. 30 బైట్లలో ఇంటిపేరు దాటి ముందుకు పోవటం కష్టం. ఐడీ3 రెండవ రూపంలో ఈ పరిమితి పోయింది, 2000 నాటి 2.4 సంచికలో యూటీఎఫ్-8కు అనుమతి వచ్చింది.

ఫైలులో తెలుగు ఉన్నంత మాత్రాన తెర మీద కనిపించదు. స్లింప్3 వంటి వాటి తెర అక్షరాల గళ్ళతో చేసినది, ఒక గడిలో ఒక రోమను అక్షరం పడుతుంది. ఒత్తులు, గుణింతాలు కలిసి ఆకారం మారే తెలుగు దానిలో ఇమడదు. తరువాతి స్క్వీజ్‌బాక్స్2లో 320 చుక్కల వెడల్పు, 32 చుక్కల ఎత్తు గల చిత్రపు తెర వచ్చింది, కాని ఆ ఎత్తులో క్రింద ఒత్తు, పైన గుడి ఉన్న అక్షరాన్ని చదవగలిగేలా చూపాలంటే ఒకే వరుస పెట్టాలి. సాధారణ కంప్యూటరులో లిపిని కూర్చే పని ఆపరేటింగు వ్యవస్థదే కాబట్టి సంగీతపు ప్రోగ్రాము తయారీదారుకు తెలుగు తెలియకపోయినా తెలుగు సరిగా కనిపిస్తుంది. ఫోను నియంత్రకంగా మారిన తరువాత ప్రత్యేక ప్లేయర్లకు కూడా ఈ సౌలభ్యం దొరికింది.

లిపి కంటే లోతైన ఇబ్బంది వర్గీకరణలో ఉన్నది. చాలా ప్లేయర్ల జాబితా "కళాకారుడు – ఆల్బము – పాట" అన్న పాశ్చాత్య క్రమంలో ఉంటుంది. తెలుగువారు సినిమా పాటను సినిమా పేరుతో, సంగీత దర్శకుని పేరుతో, గీత రచయిత పేరుతో కూడా వెదుకుతారు. ఒకే సినిమాలో పాట పాటకూ గాయకులు మారటం వలన ఒక్క ఆల్బము అనేక ముక్కలై కనిపించటం తరచుగా జరుగుతుంది. కర్ణాటక సంగీతానికి వస్తే వాగ్గేయకారుడు, రాగం, తాళం ముఖ్యం, ఒకే త్యాగరాజ కృతిని పలువురు పాడినవి పక్కపక్కన చూడాలనిపించటం సహజం. ఐడీ3లో స్వరకర్తకు, గీత రచయితకు విడి గళ్ళు ఉన్నాయి. ఫ్లాక్‌లో రాగం అనే గడిని మనమే చేర్చుకోవచ్చు. ఆ గళ్ళను ఉపయోగించి జాబితా చూపే ప్రోగ్రామును కంప్యూటరులో ఎంచుకోవచ్చు. ప్రత్యేక ప్లేయరులో తయారీదారు ఊహించిన క్రమమే గతి. సర్వరు మీద ఆలోచన అంతా ఉంచిన స్క్వీజ్‌బాక్స్ వంటివి దీనికి కొంత మినహాయింపు, సర్వరుకు అనుబంధ ప్రోగ్రాములు చేర్చి జాబితాలను మార్చుకోవచ్చు.

కచేరీ రికార్డులలో మరొక చిక్కు. ఆలాపన ఒక ట్రాకులో ముగిసి కృతి మరొక ట్రాకులో మొదలైనప్పుడు నడుమ విరామం వినబడకూడదు. ఎంపీ3 సంగీతాన్ని 1,152 నమూనాల తునకలుగా, అంటే సుమారు 26 మిల్లీసెకన్ల ముక్కలుగా దాస్తుంది. చివరి తునక నిండకపోతే నిశ్శబ్దంతో నింపుతుంది. ఆ నిశ్శబ్దాన్ని తీసివేయటం తెలియని ప్లేయరులో తంబూరా శ్రుతి తెగి మళ్ళీ అందుకున్నట్లు ఉంటుంది. ఫ్లాక్‌లో ఈ దోషం లేదు.

ఆయుష్షు

ప్రత్యేక ప్లేయరులో యంత్రభాగాలు పాడవటం కంటే దాని వెనుక ఉన్న సేవ ఆగిపోవటం వలన మూలపడినవి ఎక్కువగా చర్చకు వచ్చాయి. రియో తయారీదారైన సోనిక్‌బ్లూ 2003లో దివాలా తీసింది. రియో రిసీవరు తన సాఫ్టువేరును కంప్యూటరు నుండి తెచ్చుకునే రకం కావటంతో, ఔత్సాహికులు బదులు సర్వరు ప్రోగ్రాములు వ్రాసి దానిని మరికొంతకాలం బ్రతికించారు.

ఇంటర్నెట్ రేడియోల పరిస్థితి ఇంకా సున్నితమైనది. స్టేషన్ల చిరునామాలు పరికరంలో ఉండవు, ఒక కేంద్ర సంస్థ నడిపే జాబితా నుండి వస్తాయి. అనేక కంపెనీల రేడియోలకు ఆధారమైన రెసివా జాబితా 2021లో మూతపడింది. దానితో వేర్వేరు పేర్లతో అమ్ముడైన రేడియోలు ఒకేసారి మూగబోయాయి. అంతకు ముందు 2015లో బీబీసీ తన పాత తరహా స్ట్రీములను ఆపివేసినప్పుడు కొత్త తరహాను విప్పలేని రేడియోలలో ఆ స్టేషన్లు రావటం మానివేసాయి. ఇదే మార్పు సాధారణ కంప్యూటరులో బ్రౌజరును తాజాపరిస్తే సరిపోయే విషయం.

సోనోస్ ఉదంతం వేరు రకం, అక్కడ సంస్థ నిక్షేపంగా ఉన్నది. 2020 జనవరిలో తన పాత పరికరాలు కొన్నిటికి మే నుండి సాఫ్టువేరు నవీకరణలు ఉండవని ప్రకటించింది. పాత, కొత్త పరికరాలు కలిసి ఉన్న ఇంటిలో అన్నిటికీ నవీకరణలు ఆగుతాయన్నది కొనుగోలుదారులకు ఆగ్రహం తెప్పించింది. సంస్థ అధిపతి పాట్రిక్ స్పెన్స్ క్షమాపణ చెప్పి, పాతవి యథాతథంగా పని చేస్తాయని హామీ ఇవ్వవలసి వచ్చింది. పాతవాటిని ఇచ్చి రాయితీ పొందదలచినవారు ఆ పరికరాన్ని శాశ్వతంగా నిరుపయోగం చేసే "రీసైకిల్ మోడ్"ను ఉపయోగించాలన్న నియమం కూడా విమర్శల పాలై 2020లోనే తొలగింది. 2024 మే నెలలో అదే సంస్థ ఫోను యాప్‌ను పూర్తిగా మార్చినప్పుడు, అంతకు ముందు ఉన్న సౌకర్యాలు కొన్ని మాయమయ్యాయి. స్పీకర్లు మారలేదు, యాప్ మారింది, కాని వినేవారికి పరికరమే చెడిపోయినట్లయింది. 2025 జనవరిలో స్పెన్స్ పదవి నుండి వైదొలిగాడు.

2025 మార్చిలో రెండవ తరం క్రోమ్‌కాస్ట్‌లూ, క్రోమ్‌కాస్ట్ ఆడియోలూ ప్రపంచమంతటా ఒకేసారి పని చేయటం ఆగిపోయాయి. పరికరం అసలైనదని నిరూపించే ధ్రువపత్రానికి పదేళ్ళ గడువు పెట్టగా అది ముగియటమే కారణం. గూగుల్ కొద్ది రోజులలో దిద్దుబాటు పంపింది. గడువు నిర్ణయించిన నాడు ఆ పరికరం పదేళ్ళు బ్రతుకుతుందని ఎవరూ తలచినట్లు లేదు.

వీటితో పోల్చితే స్క్వీజ్‌బాక్స్ కథ ఆసక్తికరమైనది. లాజిటెక్ 2012లో ఈ శ్రేణిని నిలిపివేసింది. అయితే సర్వరు ప్రోగ్రాము అప్పటికే స్వేచ్ఛా సాఫ్టువేరు. ప్లేయరుకూ సర్వరుకూ మధ్య సంభాషణ ఎలా సాగుతుందో కూడా అందరికీ తెలుసు. ఔత్సాహికులు సర్వరును మెరుగుపరుస్తూ పోయారు, ప్లేయరు పాత్రను ఏ కంప్యూటరులోనైనా పోషించే స్క్వీజ్‌లైట్ అనే చిన్న ప్రోగ్రామును వ్రాసారు. 2024లో లాజిటెక్ తన ఇంటర్నెట్ సేవ మైస్క్వీజ్‌బాక్స్‌ను మూసివేసింది. దాని మీద ఆధారపడిన సౌకర్యాలను ముందుగానే ఇంటి సర్వరులోకి తరలించారు. అదే సంవత్సరం సర్వరు పేరు లిరియన్ మ్యూజిక్ సర్వర్‌గా మారింది. ఇంటిలో సర్వరు నడుపుకునేవారికి 2005 నాటి స్క్వీజ్‌బాక్స్ కూడా పని చేస్తుంది. సర్వరు లేకుండా, కేవలం లాజిటెక్ సేవ మీదనే ఆధారపడి వినినవారి ప్లేయర్లు మాత్రం ఇంటిలో ఒక సర్వరు ఏర్పాటు చేస్తే గాని పలకవు.

కంప్యూటరుకు మరణం లేదనటం కూడా సరి కాదు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, విండోస్ 10కి 2025 అక్టోబరులో మద్దతు ముగిసింది. కాని అటువంటి యంత్రంలో లినక్స్ వేసుకొని సంగీతానికి వాడుకోవటాన్ని ఎవరూ ఆపలేరు. చాలా ప్రత్యేక ప్లేయర్లలో వేరొక సాఫ్టువేరు వేయకుండా తాళం ఉంటుంది. ఎయిర్‌ట్యూన్స్‌లో సంగీతం గూఢలిపిలో ప్రయాణించేది. దాని రహస్య తాళం 2011లో బయటపడి షేర్‌పోర్ట్ అనే ప్రోగ్రాము వచ్చే వరకు, యాపిల్ అనుమతి లేని కంప్యూటరు ఆ సంగీతాన్ని అందుకోవటం సాధ్యపడలేదు.

చిన్న కంప్యూటర్లు

2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై ఈ రెండు వర్గాల మధ్య గీతను చెరిపివేసింది. విడుదలైనప్పుడు 35 డాలర్ల ధర ఉన్న ఈ కంప్యూటరు అరచేతిలో ఇముడుతుంది, ఫ్యాను లేదు, విద్యుత్తు కొద్ది వాట్లే. దాని పిన్నుల మీద అమరే డాక్ బోర్డులను హైఫైబెర్రీ వంటి సంస్థలు తయారు చేసాయి. వోలుమియో, మూడ్ ఆడియో, పైకోర్‌ప్లేయర్ అనే ఉచిత వ్యవస్థలు దానిని నెట్‌వర్క్ ప్లేయరుగా మారుస్తాయి. పైకోర్‌ప్లేయర్ వేసుకున్న పై స్క్వీజ్‌బాక్స్ కుటుంబంలో మరొక ప్లేయరుగా చేరిపోతుంది. వోలుమియోతో అదే పై ఎయిర్‌ప్లే స్పీకరు కాగలదు. నచ్చకపోతే కార్డు మార్చి వేరొక పనికి పెట్టుకోవచ్చు.

సాధారణ కంప్యూటరుకు ఉన్న బలహీనత కూడా దీనితో పాటు వచ్చింది. ప్రత్యేక ప్లేయరును ఎప్పుడైనా ప్లగ్గు నుండి ఊడదీయవచ్చు, తిరిగి పెడితే పలుకుతుంది. కంప్యూటరును పద్ధతి ప్రకారం ఆపకుండా కరెంటు తీసివేస్తే, ఆ సమయంలో మెమరీ కార్డు మీద వ్రాత జరుగుతూ ఉంటే ఫైలు వ్యవస్థ చెడవచ్చు. పైకోర్‌ప్లేయర్ దీనిని తప్పించటానికి మొత్తం వ్యవస్థను ర్యామ్‌లోకి ఎక్కించుకొని నడుస్తుంది. అమరికలు భద్రపరచేటప్పుడు తప్ప కార్డు మీద వ్రాయదు. కనుక పాట నడుమ కరెంటు పోయినా, తిరిగి వచ్చాక తనంతట తాను మొదలవుతుంది.